పిల్ల నిద్రను నమ్మి వికారాబాద్ పోయిన రోజు

పసిపిల్ల నిద్రకూ రైలు టైముకూ లంకె పెట్టిన మహా మేధావిని నేను. ఆ తెలివి ఎంత నాశనం తెచ్చిందో చెబుతాను, నవ్వండి. చివర్లో నవ్వు రాకపోతే తప్పు మీది కాదు.

మా నాయనమ్మ వికారాబాద్‌లో చిన్నాయన ఇంట్లో మంచం పట్టింది. మునిమనుమరాలి ముఖం చూడాలని ఆమెకు ఒకటే కోరిక. మేముండేది తాండూరులో. మా పిల్ల మూడో నెలలో పాలకు తప్ప కళ్లు తెరిచేది కాదు. తర్వాత పొద్దున ఒక కునుకు, మధ్యాహ్నం ఒక కునుకు. ఏడాది నిండేసరికి ఆ వరుసంతా నాకు కంఠస్థం. పొద్దుటి కునుకు రైల్లో తీస్తుంది, దిగేసరికి నవ్వుతూ ఉంటుంది. ఇదీ నా పథకం.

"వారం సంది పొద్దుగాల పండుకుంటలేదు. జర చూస్తున్నవా?" అంది నా భార్య.

"నాకు తెల్వదా? రైలు ఊపుకు పండుకుంటది."

పండుకోలేదు. దారి పొడవునా కిటికీ ఊచలు పట్టుకుని ప్రతి మేకనూ పలకరించింది. చిన్నాయన గడప దాటగానే నా భుజం మీద గోనెసంచిలా వాలిపోయింది.

మంచం మీద పిల్లను పడుకోబెట్టి, నాయనమ్మను లేపి పక్కన కూర్చోబెట్టాను. ఆమె గోడవైపు తిరిగింది.

"నిద్రపోయే పిల్లను చూడొద్దు కొడుకా, దిష్టి తాకుతది. లేచినంక చూస్త."

"లేపుదామా?" అంది నా భార్య.

"వద్దు, ఏడుస్తది. అర్ధగంటల అదే లేస్తది," అన్నాను పెద్ద డాక్టర్‌లా.

రెండు కునుకులూ కలిసి ఒకటే పెద్ద నిద్ర అయిందని నాకేం తెలుసు? అన్నం తిన్నాం, చాయ్ తాగాం. నాయనమ్మ నడుం వాల్చకుండా గోడనే చూస్తూ కూర్చుంది. తిరుగు బండి వేళయింది.

"వచ్చే ఆదివారం మళ్ల వస్తం నాయనమ్మా."

"మంచిది. పైలంగ పోండ్రి."

పిల్ల స్టేషన్‌లో లేచి, కనిపించిన వాళ్లందరికీ చేతులూపింది.

ఆదివారం రాకముందే నాయనమ్మ పోయింది.

దినాలనాడు చిన్నాయన అన్నాడు: "పిల్ల అచ్చం మీ తాత లెక్కనే ఉన్నదని అమ్మ వాడకట్టోళ్లందరికీ చెప్పిందిరా."

"ముఖమే చూడలేదు గద?"

"నేను గూడ గదే అడిగిన. గురక ఇన్న, అన్నది."

నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి. అందుకే సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పెద్దవాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటే, పడుకున్నది మహారాజైనా సరే, లేపి కూర్చోబెడతాను.