పీర్ల మొక్కుతో పెట్టిన పేరు

ఆ వార్త మా ఇంటికి మొదట తెచ్చింది మా బట్టలుతికే చాకలి అవ్వ. నెత్తి మీది మూట దించకుండానే వాకిట్లో నిలబడి, "అమ్మా, పట్నంల నవాబు సర్కారు లొంగిపోయిందట. యూనియన్ పటాలం దిగిందట. చందానగర్ దిక్కు కట్టెలు పట్టుకొని తురకోళ్ల ఇండ్లు ఎతుకుతున్రు. ఇగ మన హఫీజ్‌పేటకే వస్తరు" అన్నది.

అమ్మ దేవుని ముందు దీపం పెడుతున్నది. పెట్టడం పూర్తిచేసి, దండం పెట్టుకొని, అప్పుడు లేచింది. లేచి నేరుగా గోడ అవతలికి వెళ్లింది.

గోడ అవతల ఖాలమ్మ అనే తురకామె ఉండేది. భర్త పోయినప్పటి నుంచి ఒంటరి మనిషి. మా ఊరి పీర్ల చావడికి ఊదు వేసేది, దీపం పెట్టేది ఆమే. మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక, మూడోసారి అమ్మను ఆ చావడికి తీసుకుపోయి మొక్కించింది కూడా ఆమే. ఆమె చేతుల్లోనే పుట్టి నేను బతికాను. మొక్కు ప్రకారం నాకు పీరు పేరు పెట్టారు. మా చుట్టుపక్కల ఊళ్లలో అట్లాంటి పేర్లు ఇంటింటికీ ఉండేవి. వాటిని తురక పేర్లని ఎవరూ అనుకోలేదు. అవి మా పేర్లు, అంతే.

కిందటి ఏడాది తురక రాజ్యం నిలబెడతామంటూ బరిసెలు పట్టుకొని వచ్చినవాళ్లు మా వడ్లు ఎత్తుకుపోయారు. నాన్నను బజారులో కొట్టారు. ఆ కోపం ఊళ్లలో రగులుతూనే ఉంది. కొట్టినవాళ్లు అప్పటికే పారిపోయారు. ఖాలమ్మలాంటి వాళ్లు మిగిలారు.

అమ్మ ఆమెను మా ఇంట్లోకి తెచ్చి తన చీర కట్టించింది. ముఖానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. "నువ్వు మా అక్కవు. పటాన్‌చెరు నుంచి వచ్చినవ్. పేరడిగితే గిట్ల చెప్పు" అని ఒక పేరు నేర్పింది. ఖాలమ్మ దాన్ని పెదవుల మీద మళ్లీ మళ్లీ అనుకున్నది. "జర ఫికర్ చెయ్యకు అక్కా" అని అవ్వ ఆమె పక్కనే కూర్చొని బట్టలు మడతపెట్టసాగింది. నాన్న మాదాపూర్ చుట్టాల దగ్గర చిక్కుకుపోయాడు. ఇంట్లో మేం ఆడవాళ్లమే.

పొద్దు వాలకముందే వాళ్లు వచ్చారు. ముందున్న మీసాల మనిషిని మేం ఎన్నడూ చూడలేదు. వెనుక ఉన్నవాళ్లలో ఒకడు మాత్రం మా ఊరి బండి తోలేవాడు. వాణ్ని చూడగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. ఎంత బొట్టు పెట్టినా వాడు ఖాలమ్మను గుర్తుపట్టకుండా ఉంటాడా? గుర్తుపట్టాడు. చూసి, తల దించుకొని నేల చూడసాగాడు.

"గీమె ఎవరు?" అన్నాడు మీసాలాయన.

"మా అక్క."

"నీ పేరేంది పెద్దమ్మా?"

ఖాలమ్మ నేర్చుకున్న పేరు చెప్పింది. మాట తడబడలేదు. ఆయన తల ఊపి నా వైపు తిరిగాడు.

"నీ పేరేంది పిల్లా?"

నేను నా పేరు చెప్పాను.

ఖాలమ్మకు పేరు నేర్పిన అమ్మకు నాకూ ఒకటి నేర్పాలని తోచలేదు. ఎవరికీ తోచలేదు. మా ఊళ్లో ఎవరికి తోస్తుంది?

"దొరికింది! తురక పోరికి బొట్టు పెట్టి కూసోబెట్టిన్రు!" అని ఆయన కట్టె లేపాడు. "నా బిడ్డయ్యా, మొక్కు పేరయ్యా" అని అమ్మ నా ముందుకు వచ్చింది. "మొక్కు పేరట! మాకు చెవుల పువ్వులు పెడ్తున్నవా?" అని అమ్మను పక్కకు నెట్టి నా జడ పట్టుకున్నాడు. నేను మనసులో దేవుణ్ని పిలుచుకున్నాను. ఏ పేరుతో పిలిచానో గుర్తులేదు.

అప్పుడు ఖాలమ్మ లేచింది. పైటకొంగుతో బొట్టు తుడిచేసుకున్నది.

"ఆ పిల్లను ఇడువు. తురకదాన్ని నేను. నా చేతుల పుట్టిన బిడ్డ అది, పేరొక్కటే మాది. కొట్టేదుంటే నన్ను కొట్టు."

ఆయన నా జడ వదిలి ఆమె వైపు అడుగు వేశాడు. అంతలో చాకలి అవ్వ బండివాడి ముందుకు పోయి నిలబడింది.

"ఏందిరా, నేల మీద ఏమన్న పారేసుకున్నవా? నీ దోస్తుకు నీ పేరు చెప్పు."

"అవ్వా, ఊకో."

"ఊకోను. వాళ్లకేం పేరు చెప్పి తిరుగుతున్నవో నాకెర్క లేదు. మీ అమ్మ పెట్టిన పేరు చెప్పు."

వాడు చెప్పాడు. నా పేరు లాంటిదే. ఏ చావడిలో మొక్కుకున్నారో, ఎవరు ఊదు వేశారో ఊరందరికీ తెలుసు.

మీసాలాయన నోరు తెరుచుకొని చూశాడు. "ఏందిరా ఇది? మీ ఊర్ల దేవుళ్లు కరువైన్రా?"

"కరువు కాదు నాయనా, ఎక్కువైన్రు" అన్నది అవ్వ.

వెనుక ఎవడో నవ్వాడు. మీసాలాయన నవ్వలేదు. ఖాలమ్మ వైపు చూపించి, "మరి గీమె తనే ఒప్పుకున్నది గదా" అన్నాడు. బండివాడు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "అన్నా, గీమె మీద చెయ్యేస్తే ముందు నా మీద ఎయ్యి. పోదాం పా" అన్నాడు.

పోయారు. పోతూ పోతూ ఖాలమ్మ ఇంటి తలుపు విరగ్గొట్టి, ఇత్తడి గిన్నెలు ఎత్తుకుపోయారు. పీర్ల చావడి జోలికి మాత్రం పోలేదు.

మర్నాడు ఖాలమ్మ పట్నంలో ఉన్న తమ్ముడి దగ్గరకు బయలుదేరింది. ఉండమని అమ్మ ఏడ్చింది. "ఇయ్యాల వాడు అడ్డం నిలబడ్డడు బిడ్డా. రేపు వానికి ధైర్యం ఉంటదో ఉండదో. మీకు పరేషాన్ ఎందుకు" అన్నది ఖాలమ్మ. నా తల మీద చెయ్యి పెట్టి తన భాషలో ఏదో దువా చదివింది. ఆ తర్వాత ఆమె కబురు మాకు అందలేదు. నాన్న పట్నంలో రెండుసార్లు వెతికాడు.

నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లో దిద్దించిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. నాకు పెళ్లి, పిల్లలు, మనవలు, ఇన్నేళ్ల ఆయుష్షు ఇచ్చిన భగవంతునికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆయన ఇచ్చినదాన్ని ఆ సాయంత్రం నాకు మిగిల్చింది ఒక మనిషి. ఆమె సమాధి ఎక్కడుందో తెలియదు, పోయి ఒక పువ్వు పెట్టడానికి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ని కొలిచేవారైనా సరే, ఈ పూట ఆ ఖాలమ్మను ఒక్కసారి తలుచుకోండి.