వెనక పేజీలో ఏముండె

ఎనభైల్లో ఒక సాయంత్రం హనుమకొండలో కాలేజీ పిల్లలు ఒక ఇంగ్లీషు నవల మీద సభ పెట్టారు. ఆ కథలో సర్కారు ఇంటింటా పాత పేపర్లు ఏరించి, గడిచినదంతా తనకు నచ్చినట్టు మళ్లీ చెప్పిస్తుంది. రెండు వందల మందితో కిక్కిరిసిన హాలులో నేను లేచి, ఎమర్జెన్సీలో మా రీడింగు రూము పేపర్లను ఒక్క ముక్క పోకుండా ప్రాణాలకు తెగించి దాచానన్నాను. చప్పట్లు మోగాయి.

సరే, రెండు వందలు కాదు, ముప్పై మంది. చప్పట్లు మాత్రం నిజం.

దాచిన మాటా అబద్ధమే. వరంగల్లో ఆ రీడింగు రూముకు నేను అటెండరును. ఎమర్జెన్సీ రాగానే మా పెద్దసారు భయపడి, అభ్యంతరకరమైనవి కత్తిరించాకే పేపర్లు బల్లమీద పెట్టమన్నాడు. ఏవి అభ్యంతరకరమో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అనుమానం వచ్చిందల్లా కోశాను. పిడికిలి బిగించాడని ఒక సినిమా హీరోను కూడా కోశాను. ముక్కలన్నీ చాయ్ కాచే పొయ్యిలోకి పోయేవి.

సభ అయిన వారానికి పరకాల దిక్కు నుంచి ఒక రైతు నన్ను వెతుక్కుంటూ రీడింగు రూముకు వచ్చాడు. పేపర్లు దాచిన మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారట. ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన కొడుకు బడి పరుగుపందెంలో గెలిస్తే పేపర్లో ఫోటో వేశారు. మరుసటేడు పిల్లవాడు కామెర్లతో పోయాడు. ఇంట్లో వేరే ఫోటో లేదు. తారీఖు చెప్పలేకపోయాడు కానీ, ఈస్టరు వెళ్లిన బుధవారమన్నాడు.

“ఒక్కపారి మొఖం సూసుకుంట అన్నా.”

ఆ నెల పేపర్ల కట్ట దించాను. బుధవారం పేపరు ఉంది. ఆటల పేజీ తీస్తే ఫోటో ఉండాల్సిన చోట నలుచదరపు కంత. పేజీకి రెండు పక్కలుంటాయని కోసేటప్పుడు నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఎలుకలు కొరికాయన్నాను. ఆయన కంత అంచు వెంట వేలు నడిపాడు.

“ఎలుకలు గింత సక్కగ కొరుకుతయా?”

ఇక దాచలేక, కోసింది నేనేనని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కాగితం తిప్పి చూశాడు.

“దీనెన్క ఏముండెనే, గంత కొయ్యాల్సింది?”

ఆ నవల్లో సర్కారుకు తాను ఏం దాస్తున్నదో తెలుసు. నాకు తెలియదు. దేనికైనా అప్పటికప్పుడు ఒక కథ అల్లి చెప్పే నోరు నాది, ఆరోజు మాత్రం గుర్తు లేదనే చెప్పాను. చక్కెర ధరో, ఎవరి ఉపన్యాసమో. ఇప్పటికీ గుర్తు రాదు.

కంత కింద రెండు వరుసల అక్షరాలు మిగిలాయి. చదవమన్నాడు. బడి పేరు చదివి, “ఎడమ నుంచి మూడోవాడు విజేత” అన్నాను.

మళ్లీ చదవమన్నాడు. చదివాను.

ఆయన పేపరును బల్లమీద పరిచి, ఎడమ నుంచి మెల్లగా లెక్కపెట్టి, కంతలో ఒకచోట వేలు ఆనించాడు.


“గీడనా?” అన్నాడు.

ఆడనే అన్నాను.