నేను మీ లాయర్ని కాదు

సిడ్నీలోని పారమట్టా స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఒక అద్దాల భవనంలో సత్యభామ ఆఫీసు. పనిచేసే చోట మనుషులకు ప్రమాదం జరగకుండా చూడాల్సిన ప్రభుత్వ సంస్థ అది. ఎవరికైనా ప్రాణం పోయి, అందులో యాజమాన్యం నిర్లక్ష్యం కనిపిస్తే కోర్టులో కేసు వేసేది కూడా ఆ సంస్థే. కేసులు నడిపే లాయర్లు అక్కడ ఏడెనిమిది మంది ఉంటారు. వాళ్ళ మీద సత్యభామ. ఏ కేసు ఎవరు చూడాలో చెప్పడం, వాళ్ళు రాసినవి చదివి దిద్దడం, కోర్టుకు పంపే ముందు సరేనని సంతకం పెట్టడం ఆమె పని.

ఆమెది ఆదోని. కర్నూలులో లా చదివి, ఆదోని కోర్టులో నాలుగేళ్ళు నల్లకోటు వేసుకుంది. పెళ్ళయ్యాక భర్త రామానుజంతో సిడ్నీ వచ్చింది. ఆయన రైళ్ళ టైంటేబుళ్ళు తయారుచేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆమె చదువు మాత్రం ఇక్కడి లెక్కలో సగమే అయింది. సగానికి పైగా సబ్జెక్టులు మళ్ళీ మొదటినుంచి చదివి పరీక్షలు రాయాలన్నారు. పగలంతా ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తుతూ, రైల్లో కూర్చున్నంతసేపూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివింది. కొడుకు మూడో తరగతికి వచ్చేసరికి ఆమె మళ్ళీ లాయరయింది. తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ కింద జూనియరుగా ఈ ఆఫీసులో చేరి, చాలా ఏళ్ళు కోర్టులో నిలబడి వాదించింది. ఆ తర్వాత పై కుర్చీలో కూర్చోబెట్టారు.

పై కుర్చీ ఆమెకు మొదట్లో నచ్చలేదు. వాదన ఆమెకు ఇష్టమైన పని. ఇప్పుడు వాదించేది వేరేవాళ్ళు. గెలిస్తే గెలుపు వాళ్ళది, తప్పు దొర్లితే మాత్రం సంతకం పెట్టిన ఆమెది. కానీ నాలుగు కేసులు గడిచాక, ఒకరు రాసిన దాంట్లో కనబడని సందును వెతికి పట్టుకోవడం కూడా వాదన లాంటిదేనని ఆమెకు అర్థమైంది. జూనియర్లు ఆమెకు కొంచెం భయపడేవారు. గట్టిగా మాట్లాడుతుందని కాదు, ప్రతి వాక్యం దగ్గరా ఆగి "ఇది చూసినవాళ్ళెవరు?" అని అడుగుతుందని.

దాసు కేసు ఆమె దగ్గరికి వచ్చింది అలాంటి రోజుల్లోనే.

దాసుది నాగర్‌కర్నూల్ వైపు. స్టూడెంటుగా వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని, టైల్సు నిలవచేసే ఒక పెద్ద గోదాములో పనికి కుదిరాడు. రెండేళ్ళ తర్వాత తమ్ముడు నరసింహ కూడా వచ్చి అక్కడే చేరాడు. దాసు, అతని భార్య సాయిప్రియ, వాళ్ళ కూతురు పండు, నరసింహ, అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఒకరోజు దాసు రెండు ర్యాకుల మధ్య సందులో నడుస్తుండగా, అవతలి వైపు ఫోర్క్‌లిఫ్ట్ సరుకు పేర్చిన చెక్క చట్రాన్ని, ఒక పాలెట్‌ను లోపలికి నెట్టింది. ఆ తోపుకు ఇవతలి వైపున్న టైల్సు పాలెట్ జారి అతని మీద పడింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఫోర్క్‌లిఫ్ట్ నడుస్తున్నంతసేపూ ఆ సందులోకి మనుషులు రాకుండా అడ్డంగా గొలుసు ఉండాలి. గొలుసు పెట్టామని కంపెనీ అంది. ఆరోజు గొలుసు లేనేలేదని నరసింహ ఇన్‌స్పెక్టరుకు వాంగ్మూలం ఇచ్చాడు. కేసంతా ఆ మాట మీదే నిలబడింది.

పేర్లు చూసిన రోజే సత్యభామ డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, వీళ్ళు నా భాషవాళ్ళు, నాకు పరిచయం లేదు, అయినా మీకు తెలిసుండాలి అని చెప్పింది. పరిచయం లేనప్పుడు ఇబ్బంది లేదు, కానీ తెలుగులో మాటలు మాత్రం దుబాసీ ద్వారానే జరగాలి అన్నాడు డైరెక్టరు. కేసు జూనియర్లలో ఒకరైన అనన్యకు ఇచ్చారు. అనన్య ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. ఆఫీసులో అందరిలాగే "సత్యా" అని పిలిచేది. ఉగాది ఫంక్షన్లో ఎదురుపడితే అదే నోటితో "ఆంటీ" అనేది.

విచారణ దగ్గరపడ్డాక సాక్షులను ఒక్కొక్కరినే పిలిచి, వాళ్ళు చెప్పబోయేది ఒకసారి సరిచూసుకుంటున్నారు. నరసింహ వంతు వచ్చినరోజు సత్యభామ కూడా గదిలో కూర్చుంది. సాక్షితో ఒక్క లాయరే ఉండకూడదన్నది ఆ ఆఫీసు పద్ధతి. నరసింహకు ఇంగ్లీషు వచ్చు. అయినా కోర్టులో తడబడతానేమోనని తెలుగే కావాలన్నాడు. దుబాసీగా శేషుకుమారి వచ్చింది. గుంటూరావిడ, అరవై దాటిన మనిషి, ఆస్పత్రుల్లో కోర్టుల్లో ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నది.

అనన్య వాంగ్మూలం చదువుతూ గొలుసు దగ్గరికి వచ్చింది. ఆరోజు అక్కడ గొలుసు లేదు, అంతే కదా అని అడిగింది. శేషుకుమారి ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది. నరసింహ తన ముందున్న మంచినీళ్ళ గ్లాసును కొంచెం పక్కకు జరిపాడు.

"గొలుసు ఉండె. నేనే తీసిన," అన్నాడు. "పాలెట్ జాక్ బండి నూక్కుంట సుట్టు తిరిగి పోవాల్నంటే లేటైతది. అందరం గట్లనే తీస్తుంటిమి. ఆరోజు తీసి మల్ల పెట్టలే. నా ఎనకనే అన్న అండ్లకు వచ్చిండు."

అనువాదం ఇంకా మొదలవలేదు. కీబోర్డు మీద అనన్య వేళ్ళు ఆగిపోయాయి. సత్యభామ బల్లవైపు చూస్తూ కూర్చుంది. తనకు అర్థమైనా, శేషుకుమారి ఇంగ్లీషులో చెప్పేవరకూ ఆ మాట ఆ గదిలో పలికినట్టు కాదు. శేషుకుమారి ఒక్క మాట తగ్గించకుండా మొత్తం చెప్పింది. చివరికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం తగ్గింది, అంతే.

నరసింహ శేషుకుమారిని దాటి నేరుగా సత్యభామ వైపు తిరిగాడు.

"అక్కా, మీరు మనోళ్ళే అని నాకెర్కే. ఇది రాయకుండ్రి. వదినకు తెలిస్తే నేనా ఇంట్ల ఎట్లుండాలె?"

శేషుకుమారి దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పింది. చెప్పడం ఆమె పని.

సత్యభామ ఆ కేసులో మొదటిసారి తెలుగులో మాట్లాడింది. తను మాట్లాడేది కూడా రికార్డు కోసం ఇంగ్లీషులో చెప్పమని ముందే శేషుకుమారిని అడిగింది.

"చూడండి, నేను మీ లాయర్ని కాదు, గవర్నమెంటు లాయర్ని. మీరు ఇప్పుడు చెప్పింది దాచేదానికి లేదు. కంపెనీ లాయర్లకు ఇయ్యాల్సిందే, అది చట్టం. ఇంకొక్క మాట చెప్పేముందు మీరు మీకంటూ ఒక లాయర్ని చూసుకొని మాట్లాడాల. ఇంతటితో నిలిపేస్తాండాము."

మరి వదిన సంగతేమిటని అతనడిగాడు.

"ఆమెకు మేం చెప్పాల్సొస్తుంది. మా ఫోను పోకముందే మీ నోటితో వింటే మేలు. అది మాత్రం మీ ఇష్టం."

ఉచితంగా సలహా ఇచ్చే లాయర్ల ఫోన్ నంబరు అనన్య అతని చేతికిచ్చింది. లిఫ్టు దాకా శేషుకుమారి కూడా తోడు వెళ్ళలేదు. సాక్షితో దుబాసీ విడిగా మాట్లాడకూడదు. అతను ఒక్కడే వెళ్ళాడు.

తలుపు మూశాక అనన్య, "సత్యా, కేస్ ఐపోయింది కదా," అంది. "హి ఈజ్ స్టిల్ గ్రీవింగ్. మేబీ తన మీద తనే బ్లేమ్ వేసుకుంటున్నాడు. కొంచెం వెయిట్ చేసి మళ్ళీ అడిగితే?"

నువ్వు విన్నదేమిటని సత్యభామ అడిగింది. అనన్య చెప్పింది. అయితే విన్నది విన్నట్టు రాయి, ఇప్పుడే రాయి అని సత్యభామ తన గదిలోకి వెళ్ళింది.

ఆమెకు కోపం వచ్చింది, ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయింది. ఆ పిల్లవాడు అక్కా అన్నాడు. ఆదోనిలో అయితే ముందు కూర్చోబెట్టి కాఫీ తెప్పించేది, వాళ్ళమ్మా నాన్నల గురించి అడిగేది. ఇక్కడ ఆ పిలుపుకు బదులు పలకడానికి కూడా వీల్లేదు. కాసేపు కిటికీలోంచి కింద పోతున్న ట్రామును చూసి, కేసు కాగితాలు తెరిచి మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.

చదువుతుంటే ఒకటి పట్టుబడింది. గోదాములో పనిచేసేవాళ్ళందరినీ ఇన్‌స్పెక్టరు అడిగింది ఆ ఒక్క రోజు గురించే. మిగతా రోజుల్లో గొలుసు ఎలా ఉండేదని ఎవరినీ అడగలేదు. అనన్య అడిగించలేదు. సరేనని సంతకం పెట్టిన తనకూ తోచలేదు. అందరం గట్లనే తీస్తుంటిమి అన్నాడు నరసింహ. రోజూ అందరూ తీస్తుంటే పైవాళ్ళు చూస్తూ ఊరుకున్నారంటే, తప్పు చివరగా తీసినవాడి దగ్గర ఆగదు. కానీ దాన్ని నరసింహ ఒక్కడి నోటితో చెప్పిస్తే చాలదు. మొదట అబద్ధం చెప్పిన సాక్షి అతను.

డైరెక్టరుకు రెండు సంగతులూ చెప్పింది. నరసింహ మీద చర్య తీసుకోవాలా వద్దా అన్నది నేను తేల్చను, నన్ను అక్కా అని అడిగిన మనిషి, వేరే టీముకు ఇవ్వండి అంది. ఆ ప్రశ్న ముందే అడిగించాల్సింది, అది నా దగ్గర తప్పిపోయింది అని కూడా చెప్పింది. డైరెక్టరు రాసుకున్నాడు. ఆ ఏడాది ఆమె పనితీరు గురించి రాసిన దాంట్లో ఆ వాక్యం కనబడింది. చదివి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో రామానుజం బొరుగులతో ఉగ్గాని చేశాడు. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదని ఆయనకు తెలుసు, అడగడు. ఆమె సగం తిని పక్కన పెడితే, ఆ గిన్నె మీద మూతపెట్టి, రేపు మధ్యాహ్నానికి తీసుకుపో అన్నాడు.

ఆ వారం అనన్య దుబాసీని లైన్లో పెట్టుకుని సాయిప్రియకు ఫోన్ చేసింది. ఎలా మొదలుపెట్టాలో కాగితం మీద రాసుకుని మరీ చేసింది. సాయిప్రియ సగంలోనే ఆపి, నాకు ఎర్కే, ఆదివారం చెప్పిండు అంది. నరసింహను ఇల్లు ఖాళీ చేయమన్నదట. అతను హ్యారిస్ పార్క్ అనే పేటలో ఒక గది చూసుకున్నాడు.

కంపెనీ లాయర్లకు కొత్త సంగతి చేరింది. వాళ్ళు వెంటనే కేసు ఎత్తేయమని రాశారు. సత్యభామ ఎత్తేయలేదు. ఇన్‌స్పెక్టరును, అనన్యను మళ్ళీ కార్మికుల దగ్గరికి పంపింది. కొందరు మాట్లాడనన్నారు. కొందరికి ఉద్యోగం పోతుందని భయం. అప్పటికే వేరేచోట చేరిన ఇద్దరు ముగ్గురు మాత్రం నోరు విప్పారు. గొలుసు కొక్కేనికి ఉన్న రోజులకంటే నేలమీద పడున్న రోజులే ఎక్కువని చెప్పారు. షిఫ్టు మేనేజరు దాన్ని దాటుకుని పోయేవాడట. నరసింహ కూడా తన లాయరును పక్కన పెట్టుకుని కొత్త వాంగ్మూలం ఇచ్చాడు. అతని మీద చర్య అక్కర్లేదని రెండో టీము తేల్చింది.

కొన్ని నెలల బేరసారాల తర్వాత కంపెనీ తప్పు ఒప్పుకుంది. మొదట మోపినంత పెద్ద నేరం కాదు, దానికంటే ఒక మెట్టు తక్కువది. పెద్దదాని మీదే పట్టు వదలకుండా ఉందామని అనన్య అంది. కోర్టులో నరసింహ మొదటి వాంగ్మూలాన్ని ముక్కలు చేస్తారు, మొత్తం పోయినా పోవచ్చు అని సత్యభామ నచ్చజెప్పింది. సాయిప్రియను పిలిపించి ఆమె మాట కూడా విన్నాకే ఒప్పుకున్నారు.

శిక్ష వేసేరోజు కుటుంబం తమ బాధ చెప్పుకోవడానికి కోర్టు అవకాశమిస్తుంది. అనన్య వాదిస్తుంటే సత్యభామ వెనక కూర్చుంది. నరసింహ ఆఖరి వరసలో, తలుపు పక్కన ఉన్నాడు. సాయిప్రియ లేచి, శేషుకుమారి పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. దాసు పండును స్కూల్లో దింపేవాడని, ఇప్పుడు ఆ పని కోసం తను పనిచేసే ముసలివాళ్ళ హోములో పొద్దుటి షిఫ్టు మానేసిందని చెప్పింది. తర్వాత కాగితం మడిచేసి కంపెనీవాళ్ళ వైపు తిరిగింది.

"గొలుసు మా మరిది తీసిండు. నాకు ఆయననే చెప్పిండు," అంది. "అందరు దినాం తీస్తున్నరని మీకు గూడ ఎర్కే. ఆయన చెప్పిండు. మీరు చెప్పలే."

కంపెనీ తరఫున వచ్చినాయన, శేషుకుమారి ఇంగ్లీషులో చెప్పడం పూర్తయ్యేవరకూ సాయిప్రియనే చూస్తూ ఉండి, తర్వాత తల దించుకున్నాడు. జడ్జి మధ్యలో అడ్డురాలేదు. వేసిన జరిమానా అనన్య అనుకున్నదానికంటే తక్కువే.

బయట లిఫ్టు దగ్గర సాయిప్రియ సత్యభామను ఆపింది. "మీకు తెలుగొస్తదంట గద మేడమ్. నాతోని ఒక్కమాట గూడ ఎందుకు మాట్లాడలే?"

"వస్తుంది," అంది సత్యభామ. "నేను మీతో తెలుగులో మాట్లాడింటే, మీరు చెప్పినదాన్ని నేనే మార్చి రాసుకున్నానని వాళ్ళు అనింటారు. అందుకే మాట్లాడలేదు. మాట్లాడాలని లేక కాదు."

సాయిప్రియ కాసేపు ఆమె ముఖంలోకి చూసి, సరే అంది. ఆ సరేలో ఒప్పుకోలు ఉందో లేదో సత్యభామకు తెలియలేదు. నరసింహ మెట్లవైపు దూరంగా నిలబడ్డాడు. వదిన అతనివైపు వెళ్ళలేదు, పక్కనున్న పండును మాత్రం చెయ్యి వదిలి అతని దగ్గరికి పోనిచ్చింది.

ఆ తర్వాత అనన్య ఒంటరిగా పెద్ద కేసులు చూడటం మొదలుపెట్టింది. ఆమె తయారుచేసే ప్రశ్నల్లో ఇప్పుడు ఆ ఒక్కరోజే కాదు, ముందు నెలలు కూడా ఉంటున్నాయి. సత్యభామ దిద్దడం తగ్గింది.

చలికాలం మొదట్లో వేరే కేసుకు శేషుకుమారి మళ్ళీ వచ్చింది. బేకరీలో పిండి కలిపే యంత్రంలో చెయ్యి నలిగిన ఒక ఒంగోలు మనిషి సాక్షి. వరండాలో నడుస్తూ శేషుకుమారి, "ఆ గోదాం అబ్బాయిని మొన్న ఈతకొలను దగ్గర చూశానమ్మా, పాపను తీసుకొచ్చాడు. ఇంటికైతే ఇంకా..." అని, ఈ సంగతి తను చెప్పకూడదని గుర్తొచ్చి ఆగింది. సత్యభామా అడగలేదు. తలుపు తీసి పట్టుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషికి తామెవరో చెప్పుకున్నారు.