కూడితే తొమ్మిది

ఆ రోజుల్లో మనిషి విలువను అతని సెల్‌ఫోన్ నంబరును బట్టి కట్టేవారు. కనీసం మా పుంగనూరు మేనమామ అలాగే కట్టేవాడు. నంబరులోని అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్లీ కూడి, చివరికి తొమ్మిది తేలితేనే ఆయన దృష్టిలో అది నంబరు. తక్కినవి ఊరికే మోగేవి. నాకు మదనపల్లెలో లెక్కల లెక్చరరు ఉద్యోగం రాగానే, మామ సిమ్ కార్డుల అంగడిలో, అంగడి భాయ్ ఓపికా కుర్చీ కాళ్లూ అరిగేదాకా కూర్చుని, అలాంటిదొకటి పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. (అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే మీరూ కూడతారు.)

నేను ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కదా, శకునాలంటే నవ్వు. నా పిచ్చి ప్రధాన సంఖ్యలు. ఒకటీ తానూ తప్ప మరేదీ భాగించలేని సంఖ్యంటే నాకు చక్రవర్తితో సమానం. నా నంబరును పదిహేడుతో, పంతొమ్మిదితో, ఇంకా మీసాలున్న పెద్ద సంఖ్యలతో భాగించి చూశాను. తెగలేదు. చక్రవర్తేనని తీర్మానించాను.

ఆ ఊపులోనే కుప్పంలో పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి గుడుపల్లెలో లెక్కల టీచరు. ఫొటో చూసిన నాటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ సంబంధం తప్పితే కొండెక్కి కూర్చోవడమేనని ఇంట్లో ప్రకటించి ఉన్నాను. మామ మాత్రం బస్సు దిగుతూనే, "నువ్వు నోరు తెరవొద్దురా, నేను మాట్లాడతా" అన్నాడు.

మాట్లాడాడు. "మావోడి ఫోన్ నంబరు సూడప్పా, కూడితే తొమ్మిది. ఇట్లాంటిది మీ కుప్పంలో ఎవురికన్నా ఉండాదా?" అమ్మాయి తండ్రి కళ్లు విప్పార్చాడు. నేను ఆగలేకపోయాను. "అది కాదండీ గొప్ప. అది ప్రధాన సంఖ్య. దేంతోనూ తెగదు."

అమ్మాయి కాఫీ గ్లాసు నా ముందు పెట్టి నెమ్మదిగా అంది: "కూడితే తొమ్మిదని మీ మామ ఇప్పుడే చెప్పిరి కదా సార్. అట్లయితే తొమ్మిదితో తెగుతాది. మా ఆరో తరగతి పిలకాయలు కూడా చెప్తారు."

ఫ్యాను కూడా నన్ను చూసి తిరగడం ఆపిందనిపించింది. (కరెంటు పోయింది.) అందరి ముందూ వేళ్లు మడుస్తూ కూడి చూసుకుని, "అవునండీ, తెగుతుంది" అన్నాను.

"ఏమప్పా, కాలేజీలో నువ్వు చెప్పేది లెక్కలేనా?" అన్నాడు తండ్రి.

"లెక్కలేనండీ."

"పాపం పిల్లోళ్లు."

తిరుగు బస్సులో మామ నావైపు చూడలేదు. "యాల తెరిస్తివిరా నోరు" అని కిటికీకి చెప్పుకుంటూ కూర్చున్నాడు. బైరెడ్డిపల్లె దగ్గర నా ఫోన్ మోగింది. అమ్మాయే.

"మా నాయనకు ఒప్పుకున్నానని చెప్పినా."

"నేను తప్పు చెప్పాను కదండీ?"

"అందరూ చెప్తారు. తప్పంటే వాదించకుండా అవునన్నోణ్ణి మా ఇంట్లో నేనింతవరకు సూడలా."

పెళ్లయి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు నేను చేసిన ఉప్మాలో ఉప్పెక్కువైందంటే, ఉప్పు పుట్టుక నుంచి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా వాదిస్తాను. "ఆ పొద్దు వేళ్లు మడిచినాయన యాడికి పోయినాడో" అంటుంది ఆవిడ, గిన్నె తోముతూ. నాకూ అప్పుడప్పుడు ఆ కుర్రవాడు కనిపిస్తే బాగుండుననిపిస్తుంది. ఈ మాట మాత్రం ఆవిడకు చెప్పను.