వెలిగారంలో పది నీళ్లు

అమ్మ తాళిలో ఉన్న రెండు బొట్లలో పుట్టింటిది నడిమికి చిట్లింది. హోసూరు దుకాణంలో చూపిస్తే, కరిగించి కొత్తది చేస్తామన్నారు. ఆ మాటకు ఆమె రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. మెడలో పసుపు కొమ్ము కట్టుకుని, చిట్లిన బొట్టును కొంగున ముడివేసుకుని డెంకణికోట బస్సెక్కింది. వెంట నేనూ వెళ్లాను.

అక్కడి ముసలి కంసాలి బొట్టును వెలుతురుకు పట్టి చూశాడు. బాగా అరిగిపోయింది, మంట కాస్త ఎక్కువైతే కరిగి గుండు అయిపోతుందని ముందే చెప్పాడు.

"కరిగిపోతే నాకొద్దప్పా. మాయమ్మది ఇదొకటే మిగిలిండేది" అంది అమ్మ.

ఆయన తెల్లటి రాయి ముక్కను నీటిచుక్కతో సానమీద అరగదీశాడు. బంగారం అతకడానికి వాడే వెలిగారం. నా నోరు ఊరుకుంటుందా? ప్లస్ టూ కెమిస్ట్రీ మాస్టారును. అది సోడియం బోరేట్ అనీ, అందులో నాలుగు బోరాన్లుంటే రెండు మూడేసి ఆక్సిజన్లనూ, రెండు నాలుగేసీ పట్టుకుంటాయనీ, చూడ్డానికి పొడిగా ఉన్నా అందులో పది నీళ్లున్నాయనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన ఊకొడుతూ ఆ తెల్లటి ముద్దను పగులుకు పూసి, పైన అతుకు వేసే మాటు పలుకు పెట్టి, ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు.

మంట తగలగానే ఆ తెలుపు పేలాల్లా ఉబ్బిపోయింది. బొట్టు కనబడలేదు. అంతా పోయిందనుకుని చెయ్యి చాచబోయాను. ఆయన చూపు తిప్పకుండా మోచేత్తో నన్ను పక్కకు నెట్టాడు. చూస్తుండగానే ఆ నురగంతా అణిగి తేటగా, అద్దమంత తేటగా అయింది. ఆ అద్దం అడుగున మాటు కరిగి, పగులు వెంట సరసరా పారింది.

ఆయన గొట్టం తీశాడు. "నీళ్లు ఇడిచింది సారూ. ఇప్పుడే చెప్తివి కదా, పది నీళ్లుండాయని."

చింతపండు నీళ్లలో ఉడికిస్తే ఆ అద్దమూ కరిగిపోయింది. అమ్మ బొటనవేలితో పగులుకోసం ఎంత వెతికినా దొరకలేదు. బొట్టును కళ్లకద్దుకుని ఏడ్చింది.

బస్సులో అమ్మ బొట్టును మళ్లీ కొంగున ముడివేసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇన్నేండ్లు పిల్లోళ్లకి పాఠం చెప్తివి కదప్పా. ఆ రాయి నీళ్లిడిచేది నువ్వు ఎప్పుడూ చూడనే లేదా?"

"లేదమ్మా" అన్నాను. "ఈ పొద్దే చూసినాను."