మా నాయన పిట్టను నేను నున్నగా చేసిన వైనం

ఒక మనిషి ఎనిమిది నెలలు కష్టపడి, ఆదివారాలన్నీ ధారపోసి, కన్నతండ్రి అడిగిన ఒకే ఒక్క వస్తువును ఈ భూమ్మీద లేకుండా చేయగలడా? చేయగలడు. ఆ మనిషిని నేనే. ధర్మవరంలో మా వీధిలో ఎవరినడిగినా సాక్ష్యం చెబుతారు. కొందరు అడక్కుండానే చెబుతారు.

మా నాయన పట్టుచీరల నేతగాడు. అంచు డిజైన్లు కూడా గ్రాఫు కాగితం మీద ఆయనే గీసుకునేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేమ్ పెట్టె ఒకటి మా ఇంటికి వచ్చింది. దాని క్యాసెట్టు మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఏడు. ఆ ఏడింటిలో నాకు ప్రాణమైనది పిట్టాట. ఒక బుల్లి పిట్ట వేటగాళ్ళ రాళ్ళు తప్పించుకుంటూ గింజలు ఏరుకుంటుంది, అంతే.

నేను ఆటలో మునిగి ఉండగా నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి వెనక నిలబడేవాడు.

"ఆపురా."

"ఏం నాయనా, గెలుస్తాండా!"

"గెలుద్దువులే. ఆ పిట్టను రవ్వంతసేపు ఆడనే నిలుపు."

నేను ఆట ఆపి పళ్ళు నూరుకుంటూ కూర్చునేవాణ్ని. ఆయన టీవీ దగ్గరకు పోయి పిట్ట ఒంటి మీది గళ్ళను వేలితో లెక్కపెట్టేవాడు. ఆ కాలం ఆటల్లో బొమ్మలన్నీ చదరపు గళ్ళే కదా! అడ్డం పదహారు, నిలువు పదహారు. ఆ లెక్క గ్రాఫు కాగితం మీదికెక్కింది, అక్కడినుంచి మగ్గం పైన తిరిగే అట్టల మీద రంధ్రాలయింది. అట్టలో రంధ్రం ఉన్నచోట జరీ కనబడుతుంది, లేనిచోట కనబడదు. రెండు నెలలకు మా అమ్మ వంగపండు రంగు చీర అంచు నిండా పిట్టలు వాలాయి. నాయన అమ్మ కోసం నేసిన చీర అదొక్కటే. మా ఇంట్లో పుట్టిన మిగతా పట్టుచీరలన్నీ ఊరివాళ్ళ పెళ్ళిళ్ళకే పోయాయి.

తర్వాత మగ్గానికి పనిలేని ఏడాది ఒకటి వచ్చింది. పాత జరీ కొనేవాడు వీధిలో కేకేసుకుంటూ వస్తే అమ్మ లోపలికి పోయి ఆ చీర తెచ్చి ఇచ్చేసింది. వాళ్ళు చీరను కాల్చి వెండి తీసుకుంటారు. గ్రాఫు కాగితాన్ని చెదలు తిన్నాయి. ఇక అట్టలంటారా, మా జిల్లాలో పొలాల మీద పడని వాన, అట్టలు దాచిన మా అటక మీద మాత్రం కరెక్టుగా పడింది.

నిరుడు నాయన నా దగ్గరకొచ్చి, అమ్మ వినకుండా మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, ఆ పిట్టాట మళ్ళా కనపడేట్టు చేస్తావా? టీవీలోనో ఫోన్లోనో, యాడైనా సరే."

మీకు ముందే చెప్పేస్తాను, నాకైతే అప్పుడు తెలియదు. ఆయనకు కావలసింది ఆట కాదు. మగ్గం మీద నేయగలిగే చూపు ఇంకెన్నాళ్ళో ఉండదని కంటి డాక్టరు చెప్పాడట. ఆ చూపు ఉండగానే, అమ్మకు తెలియకుండా ఆ చీరను మళ్ళీ నేయాలని ఆయన ఆశ. నేను "ఎందుకు నాయనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను బెంగుళూరు కంపెనీకి ఇంట్లోంచి పనిచేసే ప్రోగ్రామర్ని. అడక్కుండా మొదలుపెట్టడం మా వృత్తిధర్మం.

వీడియోగేమ్ పెట్టె ఎప్పుడో చచ్చిపోయింది కానీ, క్యాసెట్టు నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. సెల్‌ఫోన్లు బాగుచేసే నా స్నేహితుడు బాషా దాన్ని విప్పి చూశాడు.

"అన్నా, ఇది ఒక్క తూరి చదువుతాది. మళ్ళ చచ్చిపోతాది."

అన్నట్టే ఒక్కసారి చదివి, లోపలున్నదంతా ఒక బుల్లి ఫైలుగా నా చేతికిచ్చి, అతని బల్ల మీదే ప్రాణం వదిలింది. "దీని కాపీ నీ దగ్గర ఉండకూడదు బాషా, కాపీరైటు తప్పు," అని అతనికి పెద్ద క్లాసు పీకి వచ్చాను. దొంగ క్యాసెట్టుకు కాపీరైటు కాపాడిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఇక చూడండి నా ప్రతాపం. ఫోనులో, కంప్యూటర్లో, టీవీలో, అన్నిట్లో ఆడేలా పిట్టాటను మొదట్నుంచీ కొత్తగా రాశాను. అక్కడితో ఆగితే నేను మంచి కొడుకును. కానీ నన్ను మెరుగుపరిచే జబ్బు పట్టుకుంది. వెనకాల కొండలు పెట్టాను, కొండల మీద గాలిమరలు తిప్పాను, కింద వేరుశెనగ చేలు పరిచాను. పైన మేఘాలు పెట్టాను గానీ వాన పెట్టలేదు, మా జిల్లా మీద గౌరవం కొద్దీ. చివరికి పిట్ట మీద పడ్డాను. గళ్ళు గళ్ళుగా మొరటుగా ఉందని దాన్ని రుద్ది, సాపుచేసి, తోకా రెక్కల కొలతలు మార్చి, ఈక ఈకకూ నీడ వేసి, పెళ్ళికూతురిలా తయారుచేశాను.

బాషా ఫోనులో చూసి నోరు తెరిచాడు. "ఈకలు లెక్కపెట్టొచ్చన్నా!"

ఆ పొగడ్తకు ఉబ్బిపోయి, ఇంటికొచ్చి కంప్యూటర్లో పాత సామానంతా ఊడ్చేశాను. పాత బొమ్మలు, పాత ఫైలు, అన్నీ. ఆ ఫైలు ఫోనులో తీసిన ఒక్క ఫోటోలో వందో వంతు కూడా ఉండదు. అయినా తీసేశాను. శుభ్రత ముఖ్యం కదండీ!

ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో ఉండగా నాయనను టీవీ ముందు కూర్చోబెట్టాను. ఆయన అద్దాలు తుడుచుకుని, చాప కింద నుంచి కొత్త గ్రాఫు కాగితమూ పెన్సిలూ తీశాడు. ఆటకు పెన్సిలెందుకో అని అప్పుడైనా నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. ఆట మొదలుపెట్టాను.

"ఆపురా," అన్నాడు.

ఆపాను. ఆయన టీవీ దగ్గరకు పోయి వేలెత్తాడు. ఎత్తిన వేలు ఎక్కడా వాలలేదు.

"గళ్ళు యాడ పోయినాయిరా?"

"తీసేసినా నాయనా! ఎంత నున్నగా ఉండాదో చూడు!"

"నున్నగా చేయమని ఎవురు చెప్పినారు నీకు? పాతది యాడుండాది?"

"పాతదెందుకు నాయనా? తీసేసినా."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మగ్గం వైపు చూపించి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. "పడుగు గూడా ఎక్కించినానప్పా. మీ అమ్మతో బెంగుళూరు ఆర్డరని చెప్పినా." మగ్గం మీద వంగపండు రంగు పట్టు మెరుస్తోంది. వారం రోజులుగా దాని పక్కనుంచే తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

బాషాకు ఫోన్ చేశాను. "కాపీ ఏమన్నా ఉండాదా?"

"నువ్వే గదన్నా ఉండకూడదంటివి!"

నెట్‌లో వెతికాను. అదే ఆట దొరికింది, కానీ అందులో పిట్ట లేదు, విమానం ఉంది. మా దొంగ క్యాసెట్టు చేసిన మహానుభావుడెవరో విమానం తీసేసి, తన చేత్తో పిట్టను పెట్టాడన్నమాట. ఆ పిట్ట లోకం మొత్తానికి మా ఇంట్లోనే మిగిలి ఉండింది, దాన్ని నేను రుద్ది రుద్ది చంపాను.

ఇద్దరం కూర్చుని గుర్తున్నకాడికి గీయడం మొదలుపెట్టాం.

"ఇది కోడి మాదిరి ఉండాది."

"తోక తగ్గించు నాయనా."

"తగ్గిస్తే కప్ప మాదిరి అవుతాండాదిరా!"

గుసగుసలు కేకలయ్యాయి, కేకలు పోట్లాటయ్యాయి. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ముందు కూర్చుంది.

"రాసుకోండి. మొదటి వరస. ఆరు వదులు, నాలుగు కొట్టు, ఆరు వదులు."

మేమిద్దరం ఆమె మొహం చూశాం.

"రెండో వరస. నాలుగు వదులు, ఏడు కొట్టు, అయిదు వదులు. రాయరేమి?"

"నీకెట్ల తెలుసే?" అన్నాడు నాయన.

"అట్టలకు రంధ్రాలు కొట్టినది ఎవురు? నేను గాదా?"

"ఇరవై ఏండ్లాయ గదే!"

"చీర ఇచ్చేసినాక యాడ మరిచిపోతానో అని, పొద్దున్నే ముగ్గేసేటప్పుడు మనసులో ఒకసారి చెప్పుకుంటా. రోజూ."

నాయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు. పెన్సిలు నాకిచ్చాడు. నాకూ కళ్ళు మసకబారాయి గానీ, ఎవరో ఒకరు రాయాలి కదా, రాశాను. అమ్మ ఇచ్చేసింది చీరనేగానీ పిట్టను కాదని నాకు ఆ పూట తెలిసింది.

ఆరో వరస వచ్చింది. "మూడు వదులు, రెండు కొట్టు, ఒకటి వదులు, ఏడు కొట్టు..."

"ఆగాగు," అన్నాడు నాయన. "ఆడ నడుమ వదిలేది లేదు. నేను గీసింది నాకు తెలీదా?"

"మీరు గీసిన పిట్టకు కన్ను లేదు. గుడ్డి పిట్టల చీర కట్టుకుని నేను పెండ్లిండ్లకు పోవాల్నా? నేనే ఆడ రంధ్రం కొట్టకుండా వదిలినా."

నాయన వంగి, కాగితం మీద ఆ గడిని వేలితో తడిమాడు. గీతలో లేని కన్ను నేతలో తెరుచుకుందని, అది తన చేతి పనితనమేనని ఇరవై ఏళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి!

"మరి అప్పుడే చెప్పకపోతివే?"

"మీరు అంత సంబరపడతాంటే ఎట్ల చెప్పేది?"

నేను ఎనిమిది నెలల పాటు ఆ పిట్టకు చేసిన మెరుగులన్నీ ఒకవైపు, మా అమ్మ కొట్టకుండా వదిలేసిన ఒక్క రంధ్రం ఒకవైపు. ఏది బరువో మీకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి మగ్గం మీద చెయ్యి పెట్టి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాయన ఏదడిగినా ముందు ఎందుకని అడుగుతాను. బతికున్న ఏ పిట్ట జోలికీ నున్నగా చేస్తానని పోను. అన్నిటికీ మించి, అమ్మ వంటింట్లో ఉందిలే, ఏమీ వినబడదులే అని ఈ జన్మలో అనుకోను.