లామినేషన్ చేసిన క్రికెట్ కార్డులతో యాకుత్‌పురాకు

ఐదు నెలల క్రితం మా ఆఫీసులో ఒక పొద్దున తొమ్మిది మందిని గదిలోకి పిలిచి, మార్కెట్ బాగాలేదని చెప్పి, ఇంటికి పంపించారు. ఆ తొమ్మిది మందిలో నేనొకణ్ణి. వెళ్లేముందు అందరికీ కాఫీ ఇచ్చారు, మర్యాదకేమీ తక్కువ చేయలేదు. అప్పటి నుంచి అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాను. నలభై ఎనిమిదేళ్లవాడికి ఎవరూ కాదని చెప్పరు, జవాబివ్వరు, అంతే. ఈ నెలాఖరులోగా మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు ముప్పై ఐదు వేలు కట్టాలి. ఇంట్లో బంగారం అప్పటికే బ్యాంకుకు వెళ్లిపోయింది. ఇంకేముందా అని బీరువా ముందు నిలబడి ఆలోచిస్తుంటే నా క్రికెట్ కార్డులు గుర్తొచ్చాయి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ కొంటే లోపల ఒక ఆటగాడి ఫొటో కార్డు వచ్చేది. యాకుత్‌పురాలో మేముండే గల్లీలో పిల్లలందరికీ అదే పిచ్చి. నాలుగేళ్లు నమిలి, రెండు పళ్లు పుచ్చబెట్టుకుని, అరవై రెండు కార్డులు పోగుచేశాను. ఇప్పుడు వాటిని వేలు పోసి కొనేవాళ్లున్నారని ఎక్కడో చదివి, ఆరా తీస్తే, సంతోష్‌నగర్ వైపు ఒక గల్లీలో అంజద్ భాయ్ అనే ఆయన పాత నాణేలు, స్టాంపులు, కార్డులు కొంటాడని తెలిసింది. ఫోన్ చేశాను. "కండిషన్ ఎట్లున్నది?" అని అడిగాడు. "ఏ వన్ భాయ్. ఒక్క మరక లేదు," అన్నాను. గర్వంగానే అన్నాను, ఎందుకంటే వాటి బాగోగులు చూసింది మా ఆవిడ రమ.

రమకు విలువైన కాగితం కనబడితే చాలు, లామినేషన్ చేయించాల్సిందే. ఆధార్ కార్డులు, అమ్మాయి మార్కుల మెమోలు, చివరికి మా పెళ్లి శుభలేఖ కూడా ప్లాస్టిక్‌లోనే ఉంది. నా నలభయ్యో పుట్టినరోజుకు, నాకు తెలియకుండా, తుప్పు పట్టిన బిస్కట్ డబ్బాలోంచి ఆ కార్డులు తీసుకెళ్లి, ఒక్కొక్కటీ విడిగా లామినేషన్ చేయించి, మూలలు గుండ్రంగా కత్తిరించి, ఆల్బమ్‌లో పెట్టి ఇచ్చింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఒకే ఆటగాడివి రెండేసి ఉన్న నాలుగు కార్డులను మాత్రం, ఎందుకు దండగని, డబ్బాలోనే వదిలేసింది. బయలుదేరేటప్పుడు వాటినీ ఒక పాత కవర్లో వేసి సంచిలో పెట్టుకున్నాను.

లింగంపల్లిలో తొమ్మిది దాటాక ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాను. టికెట్టు పదిహేను రూపాయలు. యాకుత్‌పురాలో దిగడానికి దాదాపు గంటన్నర పట్టింది. దారిపొడవునా ఒళ్లో ఆల్బమ్ పెట్టుకుని లెక్కలు వేశాను. కార్డుకు ఎనిమిది వందలు పడినా ఫీజు పోగా అమ్మాయికి ఒక ఫోన్ కొనొచ్చు. స్టేషన్ బయట ఆటోవాళ్లు నూట ఇరవై అడుగుతారు, ఎనభైకి వస్తారు. నాకు దొరికిన డ్రైవర్ పేరు యాదగిరి. పోతూ పోతూ అద్దంలోంచి నా ఆల్బమ్ వైపే చూస్తున్నాడు.

"ఏమన్న ఫంక్షనుందా అన్నా?"

"లేదు. పాత సామాను అమ్మనీకి పోతున్న."

"అందరిది అమ్ముడే నడుస్తుందన్నా. మొన్న గిట్లనే ఒకాయన్ని దింపిన, చేతుల గడియారాల డబ్బ ఉండె. పోయేటప్పుడు ఆటోల పోయిండు. వచ్చేటప్పుడు నడుచుకుంట పోతుండంగ చూసిన."

నాకు నచ్చలేదు ఆ మాట. నా కార్డులు గడియారాలు కావు అనుకున్నాను. గల్లీ మొదట్లో దిగి, ఒక బండి దగ్గర ఇరవై రూపాయలకు చాయ్ తాగి, పదకొండున్నరకు దుకాణం చేరుకున్నాను.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫొటోలు అని ఉంది. నాణేలూ కార్డులూ లోపల ఒక అద్దాల బీరువాలో, దుమ్ము పట్టి ఉన్నాయి. అంజద్ భాయ్‌కి అరవై ఉంటాయి. నాకంటే ముందు ఐదుగురు, అందరి చేతుల్లోనూ సర్టిఫికెట్ల ఫైళ్లే. ఆయన ఒక్కొక్కటే మెషిన్‌లో పెట్టి తీస్తున్నాడు. నాకు స్టూల్ చూపించి, "నౌక్రీలు పోయినకాడ్నుంచి దీనికే గిరాకి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేపియ్యకుర్రి, కొన్ని జాగల తీస్కోరు అంటే ఇనరు," అన్నాడు. అరగంట కూర్చున్నాను. కాలిన ప్లాస్టిక్ వాసన నాకేమీ చెప్పలేదు, నేనంత తెలివైనవాణ్ణి.

నా వంతు వచ్చింది. ఆల్బమ్ తెరిచాడు. మొదటి పేజీ దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

"యే క్యా కర్‌దియే మియా! గిదేం జేసిన్రు?"

"లామినేషన్ భాయ్."

"గది నాకు ఎరుక లేదా? రోజు నేను చేసేది అదే గదా! ఎవరు చేపిచ్చిన్రు?"

"మా ఇంటామె."

ఒక కార్డును వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు, ఆ వేడికి జిగురు కరిగి కాగితంలోకి దిగిపోతుందని, ఇక ఆ రెండూ విడిపోవని, పైగా మూలలు కత్తిరించాక అది కార్డు కిందే లెక్క కాదని. నాకు నమ్మకం కుదరక, ప్లాస్టిక్ ఒలిస్తే రాదా అన్నాను. వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను. బ్లేడు తీసుకుని ఒక కార్డు అంచు దగ్గర లేపాడు. ఆటగాడి మొహం మొత్తం ప్లాస్టిక్‌తో పాటు లేచొచ్చింది, కింద బూడిదరంగు అట్ట మిగిలింది. పన్నెండేళ్లప్పుడు ఆ కార్డు కోసం నేను నా పెన్సిల్ బాక్సు ఇచ్చేశాను.

"అన్నీ మంచిగుంటే మొత్తం ఎంతొచ్చేది?" అన్నాను.

"అడగకు భాయ్."

"చెప్పు."

"రెండేండ్ల కిందైతే డెబ్బై వేలు. గిప్పుడు కొనేటోళ్లే అమ్మనీకొస్తున్రు. అయినా గూడ నలభై ఇస్తుంటి."

నలభై వేలు. ఫీజు కట్టాక ఐదు వేలు మిగిలేవి. నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియక అందరి మీదా వచ్చింది. మార్కెట్ పేరు చెప్పి ఇంటికి పంపినవాళ్ల మీద, ఎదురుగా గుర్రుమంటున్న ఆ మెషిన్ మీద, ఏ కాగితాన్నీ దాని మానాన బతకనివ్వని మా ఆవిడ మీద. తర్వాత నా మీద. పుట్టినరోజు నాడు ఆ ఆల్బమ్ చూసి ఇంతకంటే బాగా ఎవరూ చేయరన్నది నేనే కదా.

చివరికి కవర్లోని నాలుగు కార్డులు తీశాను. దండగని డబ్బాలో వదిలేసినవి. అంజద్ భాయ్ భూతద్దం పెట్టి చూశాడు. ఒకటి మడత పడిందన్నాడు. నేను ఐదు వేలన్నాను, ఆయన మూడన్నాడు, మూడు వేల రెండు వందల దగ్గర తెగింది. ఆల్బమ్ మూసి నా వైపు జరిపాడు.

"ఇవి ఉంచుకో భాయ్. చిన్నప్పటియి గదా."

"ఇంటికి తీస్కపోతే ఎందుకు అమ్మలేదని ఆమె అడుగుతది. నువ్వే పెట్టుకో, నాకేమియ్యకు."

ఆయన ఆల్బమ్‌ను కౌంటర్ కిందకు నెట్టాడు. వెనక నిలబడ్డ అమ్మాయి తన మెమో ముందుకు చాపింది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కలేదు. యాదగిరి కనిపించకూడదని సందుల్లోంచి నడిచాను, ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. యాకుత్‌పురా ప్లాట్‌ఫాం మీద రైలు కోసం కూర్చుని ఉండగా రమ ఫోన్ చేసింది.

"ఎంతకు పోయినయండి?"

"మూడు వేల రెండొందలు."

"అన్నిటికా? గంతేనా?"

"మార్కెట్ బాగాలేదు."

ఆఫీసులో నాకు చెప్పిన మాటే అది. ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అప్పుడు తెలియలేదు.

"పోనియ్యండి. నేను లామినేషన్ చేపిచ్చిన కాబట్టి గా మాత్రమన్న వచ్చినయి. లేకుంటే చెదలు తింటుండె. కాదా?"

"అవును," అన్నాను.

పాతబస్తీకి కార్డులతో వెళ్లి ఖాళీ చేతులతో రాలేదు, మూడు వేల రెండు వందలతో వచ్చాను, దానికి సంతోషించాలట. నాకు సంతోషం లేదు. ఎనిమిదేళ్లుగా మేం ప్రేమగా దాచుకున్నదానికి పైసా విలువ లేకపోయింది, పట్టించుకోకుండా వదిలేసిందే అక్కరకొచ్చింది, ఇది ఎటు తిప్పి చూసినా చేదుగానే ఉంది. మిగతా ఫీజుకు గడువు అడుగుతూ కాలేజీకి ఉత్తరం రాశాను. రమ ఈ బ్లాగు చదవదు, నావన్నీ ఏడుపు రాతలంటుంది, అందుకే ఇదంతా ఇక్కడ రాయగలుగుతున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్లేట్టయితే ఒక్క మాట: బయలుదేరే ముందే కార్డుల ఫొటో తీసి కొనేవాళ్లకు పంపండి, ప్లాస్టిక్ వేసి ఉందో లేదో కూడా చెప్పండి, కనీసం రైలు, ఆటో ఖర్చులు మిగులుతాయి. నిన్న రమ నా ఆఫీసు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగింది. ఇంటర్వ్యూలకు తిప్పీ తిప్పీ నలిగిపోతోందట, లామినేషన్ చేయించి పెడతానంది. ఇచ్చాను.